శనివారం ఏడింటికి ఇంట్లో అందరం

ఈ వారం వీడియోలో "ఇంట్లో వారానికి ఒక్క గంట" అని రెండు నిమిషాల్లో చెప్పేసి వదిలేశాను. అది ఇక్కడ కాస్త వివరంగా చూద్దాం.

ముందు రోజు సంగతి. ఏకాదశి నాడు పెట్టుకుందాం అనుకుంటారు చాలామంది. మంచిదే. కానీ ఏకాదశి తిథి కదా, ఒకసారి మంగళవారం వస్తుంది, ఇంకోసారి గురువారం. మన ఆఫీసు షిఫ్టులు, పిల్లల ట్యూషన్లు తిథి చూసుకుని నడవవు. అందుకే మేం శనివారం సాయంత్రం ఏడు గంటలు అనుకున్నాం. వేంకటేశ్వరస్వామికి దీపం ఎలాగూ పెడతాం, కొత్తగా ఎవర్నీ ఒప్పించక్కర్లేదు. మీ ఇంట్లో సోమవారమో శుక్రవారమో పూజ అలవాటుంటే ఆ రోజే తీసుకోండి.

ఏం చదవాలి? ఉత్సాహంలో సుందరకాండ అంటారు. అందులో 68 సర్గలు. వారానికొకటి చొప్పున ఏడాది దాటి ఇంకో నాలుగు నెలలు దాదాపు. చిన్నపిల్లలున్న ఇంట్లో మొదట్లోనే అంత దూరం వద్దని నా అభిప్రాయం. పోతన భాగవతంలో ఒక్కో కథ తీసుకోండి. ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు, ఎనిమిదిలో గజేంద్ర మోక్షం, వామనుడు, పదిలో రుక్మిణీ కల్యాణం.

మేం గజేంద్ర మోక్షంతో మొదలుపెట్టాం. ఆ పద్యాలు మా అత్తయ్యకి నోటికి వచ్చు. పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు, వాళ్ల నాన్నగారు అరుగు మీద పాడుతుంటే విని పట్టుకున్నవి. ఆ రాగం నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు (మన ఛానల్‌లో కూడా లేదండోయ్!). ఆవిడకి 74 ఏళ్లు. ఈ గంట మీద నాకింత పట్టుదల అందుకే. ఇప్పుడు మా ఏడేళ్ల పాపకి నాలుగు పద్యాలు అదే రాగంలో వచ్చాయి.

స్వామి శంఖచక్రాలు కూడా పట్టుకోకుండా, లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగెత్తే పద్యం దగ్గర పాప ఆపేసింది. "నానమ్మా, చెప్పి వెళ్లొచ్చుగా?" అంది. అత్తయ్య నవ్వి, "నువ్వు కింద పడి ఏడిస్తే మీ అమ్మ అందరికీ చెప్పి వస్తుందా?" అన్నారు. మావయ్య వార్తలు తప్ప పెద్దగా ఏమీ మాట్లాడరు. అలాంటి మనిషి, "మీ నాన్న చిన్నప్పుడు చెరువు గట్టు మీద జారితే నేను చెప్పులు వదిలేసి ఉరికాను" అంటూ మొదలుపెట్టారు. ఆ సంగతి మావారికే తెలీదు!

అందుకే ఒక్క మాట. కథ అయ్యాక "దీనివల్ల మనకేం తెలిసింది?" అని పిల్లల్ని అడక్కండి. అది క్లాసు అయిపోతుంది. వాళ్లే ఏదో ఒకటి అడుగుతారు, అందాకా ఊరుకోండి.

కథ వినడానికి కూర్చోని వాళ్లకి ప్రసాదం పని అప్పజెప్పండి. మా ఇంట్లో పులిహోర మావారిది. నైవేద్యం పెట్టేదాకా రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు కొలతతోనే పడాలి. గ్లాసు బియ్యానికి ఎన్ని చెంచాలో అత్తయ్యని అడిగితే, "కళ్లతో చూస్తే తెలుస్తుంది" అంటారు. ఆ కళ్లు మనకి లేవు కదా! అందుకని ఆవిడ వేసిన ఉప్పుని గిన్నెలో పట్టి, చెంచాతో కొలిచి, గోడ మీద క్యాలెండర్ వెనక రాసుకున్నాం. పోపు ఘుమఘుమలాడుతుంటే పాప పది నిమిషాలు ఆగడం కూడా అక్కడే నేర్చుకుంటోంది.

ఫోన్ల విషయంలో మాకు ఒక్కదానికే మినహాయింపు. మా ఆడపడుచు డాలస్‌లో ఉంటుంది. మనకి రాత్రి ఏడంటే అక్కడ ఎండాకాలంలో ఉదయం ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. వీడియో కాల్ పెట్టి ఫోన్‌ని దేవుడి గూటి పక్కన ఆనిస్తాం. అత్తయ్య పాడుతుంటే తను కాఫీ కప్పు పక్కన పెట్టి, రెండో పాదం నుంచి అందుకుంటుంది.