తల్లి పనికి పోయిన వేళ బిడ్డకు తల్లిపాలు

పుట్టినది మొదలు ఆరు మాసములు నిండువరకు శిశువునకు తల్లిపాలు తప్ప వేరు ఆహారముగాని, నీరుగాని అవసరము లేదు. ఈ మాట ఎల్లరు విన్నదే. కాని తల్లి ఉదయమున ఇల్లు వెడలి సాయంకాలమున మరలి వచ్చునదైనచో దీనిని ఆచరించుట ఎట్లు? తల్లి ఎదుట లేకున్నను తల్లిపాలు బిడ్డకు అందగలవు. పాలను ముందుగా పిండి తీసి, శుభ్రముగా దాచి, ఇంటిలో మరియొకరు త్రావించుటయే దానికి మార్గము. ఇందు కష్టమైన భాగము పాలు తీయుట కాదు; రొమ్మునకు మాత్రమే అలవాటుపడిన బిడ్డ క్రొత్త పాత్రను అంగీకరించుట. అందుచేత ఈ పాఠములో ఆ భాగమునకే ఎక్కువ చోటు ఇచ్చితిమి.

సూరతు నగరమునందలి తెలుగు తల్లులకు ఈ విషయము మిక్కిలి అక్కరకు వచ్చును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ మొదలగు ప్రాంతములనుండి మరమగ్గముల పనికై వచ్చిన పద్మశాలి కుటుంబములు లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో తరతరములుగా నివసించుచున్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచున్నది. పురుషులు మగ్గముల శాలలలో పన్నెండు గంటల షిఫ్టు చేయుదురు. స్త్రీలలో పలువురు ఇంటియొద్దనే చీరలకు లేసులు కుట్టుదురు, రాళ్ళు అతికింతురు. మరికొందరు కర్మాగారములకును, దుకాణములకును పోవుదురు. స్వగ్రామమందైనచో అమ్మమ్మయో, పెద్దమ్మయో బిడ్డను ఎత్తుకొని తల్లి పనిచేయు చోటికే వచ్చి పాలిప్పించి తీసికొనిపోవుట కలదు. పెద్ద నగరములో దూరములు వేరు, యజమానుల పద్ధతులు వేరు.

చట్టము కొంత సాయము చేసినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు 26 వారముల వేతన సెలవును, 50 మందికి తక్కువ కాకుండ పనిచేయు సంస్థలలో శిశుగృహమును, తల్లి దినమునకు నాలుగు పర్యాయములు అచ్చటికి పోయివచ్చు హక్కును కల్పించిరి. పార్లమెంటు 2020లో ఆమోదించిన సాంఘిక భద్రతా స్మృతిలోనికి ఈ నియమములు చేరినవి. అయితే చీరకు ఇంత అని కూలి తీసికొని ఇంట పనిచేయు స్త్రీకి ఈ సెలవుగాని, శిశుగృహముగాని లభించుట లేదు. ఆమె రెండవ మాసములోనో, మూడవ మాసములోనో పనిలోనికి దిగవలసి వచ్చును. ఈ పాఠము ముఖ్యముగా అట్టి తల్లి కొరకు.

ఆమె లేని వేళ సాధారణముగా జరుగునది ఇది. బిడ్డ ఏడ్చును. నాయనమ్మ గేదెపాలలో నీరు కలిపియో, డబ్బాపాలు కలిపియో సీసాతో పట్టును. ఆ పాలతో కడుపు నిండిన బిడ్డ రాత్రి తల్లియొద్ద తక్కువగా కుడుచును. కుడుచుట తగ్గినచో రొమ్ములో పాలు ఊరుట తగ్గును. కొన్ని వారములు గడచునప్పటికి “తల్లికి పాలు లేవు” అని ఇంటిల్లపాది అందురు. నిజమునకు పాలు లేకపోలేదు. వాటిని తీయువారు లేకపోయిరి. ఈలోపల నీటివలన, సరిగా కడుగని సీసావలన విరేచనములు పట్టుకొన్నచో బిడ్డ ప్రాణమునకే ముప్పు రావచ్చును.

పాలు తీయు విధము

చేతితో తీయుటయే అన్నిటికన్న సులభము, ఖర్చు లేనిది. చేతులను సబ్బుతో కడుగుకొని, మరగించి చల్లార్చిన వెడల్పు మూతి గిన్నెను ముందుంచుకొనవలెను. బొటనవ్రేలిని చనుమొన చుట్టు నుండు నల్లని వలయము అంచున పైభాగమునను, చూపుడువ్రేలిని దానికి ఎదురుగా క్రిందిభాగమునను ఉంచి, మొదట ఛాతీ వైపునకు మెల్లగా అదిమి, పిదప వ్రేళ్ళు రెండింటిని దగ్గరకు నొక్కి వదలవలెను. చనుమొనను మాత్రమే పట్టి లాగరాదు. పాలు రావు, నొప్పి మిగులును. మొదటి నిమిషములో చుక్కయు రాకున్నను నిరాశపడ పనిలేదు. ఒక వైపు మూడు నుండి ఐదు నిమిషములు తీసి రెండవ వైపునకు మారుచు, మొత్తము ఇరువది, ముప్పది నిమిషములు తీయవచ్చును. పనిచోట సుమారు మూడు గంటలకొకసారి తీయనిచో రొమ్ములు గట్టిపడి, వాచి, జ్వరము వచ్చుట కలదు, పాలును తగ్గును.

తీసిన పాలు నీలివర్ణముగా పలుచగా నున్నను, కొంతసేపటికి మీగడ పైకి తేలినను అవి చెడిపోయినట్లు కాదు. పాత్రను మెల్లగా త్రిప్పినచో కలిసిపోవును.

దాచుట

25 డిగ్రీల వేడిమికి మించని గదిలో ఈ పాలు మూతపెట్టిన పాత్రలో నాలుగు గంటలు నిలువ ఉండును. కాని సూరతులో ఏప్రిలు, మే మాసములలో పగటి వేడిమి 35 డిగ్రీలు దాటుట సాధారణము. రేకుల కప్పు క్రింద ఇంకను ఎక్కువ. అట్టి ఇంటిలో ఆ నాలుగు గంటల లెక్కను నమ్మరాదు. బయలుదేరుటకు ముందు బిడ్డకు స్వయముగా పాలిచ్చి, వెంటనే మరికొన్ని తీసి పెట్టి, వాటిని బిడ్డ మొదటి ఆకలికే వాడవలెను. మంచుగడ్డలు నింపిన బిగువు మూత పెట్టెలో ఒక దినము ఉంచవచ్చును. రెఫ్రిజిరేటరులో 4 డిగ్రీల చలువలో నాలుగు దినములవరకు పాలు చెడవు. అయితే కరెంటు పోవుచు వచ్చుచు, తలుపు మాటిమాటికి తెరువబడు ఇంటిలో 24 గంటలలో వాడుట క్షేమము. పాత్రను తలుపునందుగాక లోపలి మూలన ఉంచవలెను.

త్రావించుటకు ముందు పాత్రను వేడినీటి గిన్నెలో కొంతసేపు నిలిపినచో చాలును. పొయ్యిమీద కాచరాదు. బిడ్డ నోరు తగిలిన పాలలో మిగిలినదానిని రెండు గంటలకు మించి ఉంచరాదు.

“నిలువ పాలు పసిబిడ్డకు పట్టుదురా?” అని అడుగు అత్తగారికి ఒక సంగతి చెప్పవచ్చును. ముంబయి సయాన్ ఆసుపత్రిలో 1989లో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ ఆసియాలోనే మొదటి తల్లిపాల నిధిని స్థాపించిరి. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ‘ధాత్రి’ అను నిధి ఏర్పడినది. సూరతులోను నగరపాలక వైద్య కళాశాలకు చెందిన స్మిమేర్ ఆసుపత్రిలో ఇట్టి నిధి కలదు. ఇతర తల్లులు ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిమిలో 30 నిమిషములుంచి, పరీక్షించి, నెలలు నిండక పుట్టిన అతిదుర్బలులైన శిశువులకు ఈ నిధులలో పట్టుదురు. అంత సున్నితమైన శిశువులకు మేలుచేయు పద్ధతి, శుభ్రత పాటించినచో, ఆరోగ్యవంతుడైన మనుమనికి కీడు చేయదు. సొంత తల్లి పాలకు ఆ కాచుట, పరీక్ష అవసరము లేదు. పరీక్ష లేకుండ ఇరుగుపొరుగు తల్లుల పాలు పట్టుట మాత్రము తగదు.

సీసాయా, గిన్నెయా?

మన దేశమున శిశువైద్యులు సీసాకన్న గిన్నెను, చెంచాను మేలని చెప్పుదురు. సీసా మెడలోను, రబ్బరు పీక రంధ్రములోను పాలమీగడ అంటుకొని క్రిములు పెరుగును. ప్రతిసారి బ్రష్షుతో తోమి, పది నిమిషములకు తక్కువ కాకుండ మరగించుట ఎందరు ఇండ్లలో సాగును? 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీ నది పొంగి సూరతులో అధికభాగము మునిగినది. అట్టి దినములలో సీసా మరగించుటకు మంచినీరుండదు, రెఫ్రిజిరేటరుకు విద్యుత్తుండదు. చేతితో పాలు తీసి గిన్నెతో త్రావించుట ఎరిగిన తల్లికి అప్పుడును ఉపాయముండును.

మన ఇండ్లలోని ఉగ్గుగిన్నె ఈ పనికి పుట్టినట్లే యున్నది. అయితే వాడు పద్ధతి మారవలెను. చాచిన కాళ్ళమీద బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి గొంతులో పోయుట ప్రమాదకరము. పాలు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టి, మెడను చేతితో ఆనించి, గిన్నె అంచును క్రింది పెదవిపై నిలిపి, పాలు పెదవిని తాకునంత మాత్రమే వంచవలెను. పోయరాదు. బిడ్డ తానే నాలుకతో నాకి మ్రింగును. చుబుకముపై కొంత ఒలుకును, అది సహజము.

సీసాయే వాడ నిశ్చయించిన కుటుంబములు, బిడ్డకు నాలుగు నుండి ఆరు వారములు నిండి రొమ్ము పట్టుట చక్కగా కుదిరిన పిదపనే మొదలిడవలెను. పాలు సన్నగా వచ్చు పీకను ఎన్నుకొనవలెను. బిడ్డను నిటారుగా ఉంచి, సీసాను అడ్డముగా పట్టి, నాలుగైదు గ్రుక్కలకొకసారి క్రిందికి దించి ఊపిరి తీసికొననీయవలెను. పీకనుండి పాలు తమంతట తామే జారును. రొమ్మునుండి మాత్రము బిడ్డ శ్రమించి రప్పించుకొనవలెను. తొందరగా జారు పాలకు మరిగిన బిడ్డ రొమ్మువద్ద విసుగుకొనుట ఇందువలననే.

మొదటి పరిచయము

పనికి పోవు దినముననే ప్రారంభించుట తరచుగా జరుగునది. అది బిడ్డకును, పెంచువారికిని కష్టము. రెండు వారములు ముందుగా మొదలిడుట మంచిది. మొదటి దినములలో ఒక పెద్ద చెంచాడు, అనగా సుమారు 15 మిల్లీలీటర్ల పాలు చాలును. అది ఆహారముగా కాదు, పరిచయముగా మాత్రమే. బిడ్డ ఆకలితో గుక్కపట్టి ఏడ్చుచున్నప్పుడుగాక, నిద్రలేచి హాయిగా నున్నప్పుడు పట్టవలెను. ఆకలిగొన్న బిడ్డకు క్రొత్త విద్య నేర్పుట ఎవరికిని సాధ్యము కాదు.

త్రావించువారు తల్లి కాకుండుట మేలు. తల్లి వాసన, గొంతు దగ్గరనే ఉండగా బిడ్డ రొమ్మునే కోరును, వేరు పాత్రను త్రోసివేయును. కావున నాయనమ్మయో, మేనత్తయో, తండ్రియో కూర్చుండగా, తల్లి మరియొక గదిలోనికి, ఒకే గది గల ఇంటిలోనైనచో పొరుగింటికి పోవలెను. తండ్రులు ఈ పనిని స్త్రీల పనియని తప్పించుకొనరాదు. రాత్రి షిఫ్టు చేయు తండ్రికి పగటిపూట ఒక పర్యాయము త్రావించు వీలు తప్పక ఉండును.

కొందరు బిడ్డలు మొదటి దినమే త్రావుదురు. కొందరు మూతి ముడుచుకొని, తల త్రిప్పి, పెదవులతో ఉమిసివేయుదురు. ఇది పాలను కాదనుట కాదు. ఇన్నాళ్ళు ఎరిగిన పద్ధతి ఒకటి, ఇప్పుడు చూపుచున్నది మరియొకటి. పది నిమిషములు యత్నించి ఆపవలెను. బలవంతము చేయరాదు, పాత్రను చూచినంతనే ఏడ్పు పుట్టు స్థితికి తేరాదు. మరునాడు వేరొకరి ఒడిలో, వేరొక చోట, లేదా పాలు మరికొంచెము వెచ్చగా చేసి చూడవలెను. తల్లి పాత చీర ముక్కను ఒడిలో పరచినచో కొందరు బిడ్డలు శాంతింతురు. తేనెనుగాని, చక్కెరనుగాని పీకకు పూయరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె అపాయకరము.

ఎంత త్రావవలెను అను సందేహము పెంచువారిని వేధించును. ఒకటి నుండి ఆరు మాసముల బిడ్డ దినమునకు సుమారు 750 మిల్లీలీటర్లు త్రావును. ఎనిమిది సార్లుగా విభజించినచో ఒక్కొక్కసారికి 90, 100 మిల్లీలీటర్లు. ఇది అంచనాయే గాని ఆజ్ఞ కాదు. పగలు కొద్దిగా మాత్రమే త్రావి, తల్లి వచ్చిన పిదప రాత్రియంతయు కుడిచి లోటు తీర్చుకొను బిడ్డలు కలరు. తల్లికి నిద్ర తక్కువైనను ఇది చెడ్డ లక్షణము కాదు. 24 గంటలలో ఆరు పర్యాయములకు తక్కువ కాకుండ మూత్రము పోసినచో, బరువు క్రమముగా పెరుగుచున్నచో పాలు చాలుచున్నవని తెలిసికొనవలెను. బరువును అంగన్‌వాడీలోగాని, ఆరోగ్యకేంద్రములోగాని తూయించవచ్చును.

మూత్రము తగ్గినను, బిడ్డ మగతగా పడియుండి రొమ్మును సైతము పట్టకున్నను, జ్వరమో విరేచనములో కనిపించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అప్పుడు ఇంటి చిట్కాలకు తావులేదు.

సాయంకాలము తల్లి ఇల్లు చేరు వేళ తెలిసియున్నచో, దానికి ముందు గంటలో బిడ్డకు కడుపునిండ పట్టకుండుట మంచిది. మరీ ఏడ్చినచో రెండు మూడు చెంచాలు ఇచ్చి ఊరడింపవలెను. ఆమె వచ్చి చేతులు కడుగుకొని కూర్చుండునప్పటికి రొమ్ములు నిండియుండును, బిడ్డకు ఆకలియు ఉండును.