మాల్టా ద్వీపయాత్ర

మధ్యధరా సముద్రమునందలి మాల్టా ద్వీపము సుమారు 17 మైళ్ల పొడవు గలది. అచ్చట వానలు శీతకాలమున గురియును గనుక వసంతమున పొలములు పూలతో నిండియుండి వేసవికి ఎండిపోవును. యాత్రికులను గొనిపోవువారికి ఏప్రిల్ మాసమే తగినది.

1565 నాటి తురుష్కుల ముట్టడి పిమ్మట, 1566లో పునాది వేయబడిన వల్లెట్టా నగరమును చూపుట సులభమే. చిక్కు పరిశుద్ధ పౌలు అఖాతమున గలదు. ఓడ పగిలినచోటు చూపుడని అందఱు నడుగుదురు. అపొస్తలుల కార్యములు 276 మంది దరిచేరిరనియు, ద్వీపము మెలితే యనియు జెప్పునేగాని ఆ స్థలమునకు పేరు పెట్టలేదు. వేలు చాచి ‘ఇదియే’ యనవలెనని మాకును తోచినది గాని, ‘పెద్దలు పరంపరగా జెప్పుచున్న చోటు ఇది’ యని మాత్రమే చెప్పితిమి. ఒక వృద్ధురాలు చిన్నబోయెను. పిమ్మట రాతిపై గూర్చుండి, 28వ అధ్యాయమును దెరచి, చలిమంట వేసిన ద్వీపవాసుల కథను మెల్లగా చదువుకొనెను.