చెట్టుమీది విడిది

జంతుప్రదర్శనశాలలో మృగములు బోనులలో నుండును. మనము వెలుపల నిలిచి వానిని చూతుము. మృగములు స్వేచ్ఛగా తిరుగుచుండగా, మనుష్యులే కొయ్యగదులలో అణగి కూర్చుండి, పెదవి కదపక రాత్రియంతయు చూచెడి విడిది యొకటి తూర్పు ఆఫ్రికాలో వెలసినది. కెన్యా దేశమున న్యేరి పట్టణమునకు సమీపమున అబెర్డేర్ అను పర్వతారణ్యము కలదు. ఆ విడిది అందలిదే. దాని పేరు ట్రీటాప్స్, అనగా చెట్లకొనలు.

మన పల్లెలలో జొన్నచేలకు కావలి యుండుటకై మంచెలు కట్టుదురు. పిట్టలను, పందులను తోలుటకు రైతు మంచె యెక్కును. ట్రీటాప్స్ కూడ మొదట నొక మంచెయే. కాని దాని నెక్కినవారు మృగములు దాపునకు వచ్చునన్న ఆశతో, అందులకు సొమ్ము చెల్లించి మరియు నెక్కిరి!

ఎరిక్ షెర్‌బ్రుక్ వాకర్ అను ఆంగ్లేయుడు న్యేరిలో ఔట్‌స్పాన్ అను హోటలును నడుపుచుండెను. ఇతడు పూర్వము స్కౌటు ఉద్యమమును స్థాపించిన బేడెన్ పవెల్ దొరకు కార్యదర్శిగా నుండినవాడు. స్కౌటు బాలురు తెలిసికొనదగిన సంగతి యొకటి: బేడెన్ పవెల్ తన కడపటి సంవత్సరములను ఆ హోటలు ఆవరణలోని చిన్న యింటనే గడపి, 1941లో అచ్చటనే మరణించెను. వాకరు 1932లో అడవినడుమ నొక మహావృక్షపు కొమ్మలపై రెండు గదుల కొయ్యయిల్లు కట్టించెను. ఆ వృక్షము మన మర్రి, రావి, మేడిచెట్ల జాతికి చెందినది. ఆ ప్రాంతపు ప్రజలైన కికుయులు దానిని ముగుమో అందురు. మనకు రావిచెట్టు వలె వారికి ముగుమో పూజ్యము. దాని నీడను వారు దేవుని ప్రార్థింతురు.

చెట్టు కెదురుగా నొక మడుగును, దాని చుట్టును ఉప్పునేలయు నుండెను. ఆ స్థలము నెన్నుకొనుటకు కారణ మిదియే. ఆకులు, గడ్డి తిను జంతువులకు ఆహారమున ఉప్పు చాలదు. అధికముగా వర్షించు కొండప్రాంతములలో నేలలోని లవణములు నీటిలో కొట్టుకొనిపోవుటచే ఆ కొరత మిక్కుటమగును. అందుచే ఉప్పుమట్టి దొరకు చోటును అవి వెదకికొని వచ్చును. ఏనుగులు మోకరిల్లి దంతములతో మట్టిని పెళ్లగించి తొండముతో నోటిలో వేసికొనుట అచ్చట చూడదగిన వింత.

ఆ విడిదిని చేరుట సులభము కాదు. బండి కొంతదూరమే పోవును. పిమ్మట తుపాకి చేబూనిన వేటగాడు ముందు నడువ, అతిథులు ఇరుకైన కాలిబాటను మాటాడక నడువవలెను. ఖడ్గమృగమో, ఏనుగో ఎదురైనచో ప్రాకుటకై దారిపొడవున అచ్చటచ్చట చెట్లకు నిచ్చెనలు చేర్చబడి యుండెడివి. ఆ నిచ్చెనలను చూడగనే అతిథులలో కొందరి ఉత్సాహము సగమైయుండును.

చీకటి పడిన పిదప వెన్నెలను పోలిన దీపమును మడుగుపై ప్రసరింపజేయుదురు. అడవిదున్నలు, ఖడ్గమృగములు, ఏనుగులు ఒకదానివెంట నొకటి వచ్చును. గున్నయేనుగులు తల్లుల కాళ్లసందున నిలిచి నీరు త్రాగును. మెత్తని పాదరక్షలు వేసికొని అతిథులు పిల్లులవలె నడువవలసియుండును, దగ్గరాదు, తుమ్మరాదు. తరువాతి కాలమున నిద్రించువారికై గదులలో గంటలమర్చిరి. ఒకసారి మ్రోగిన దుమ్ములగొండి, రెండుసార్లు మ్రోగిన చిరుతపులి, మూడుసార్లు ఖడ్గమృగము, నాలుగుసార్లు ఏనుగు వచ్చినదని గుర్తు. దుమ్ములగొండికై చలిలో కంబళి విడిచి లేచువా రెందరో చెప్పజాలము.

1952 ఫిబ్రవరి 5వ తేదీన ఇంగ్లండు రాజకుమార్తె ఎలిజబెత్తు భర్తతో నచ్చటికి వచ్చెను. ఆమె కప్పటికి ఇరువదియైదేండ్లు. విడిదికప్పుపై తెల్లని దిండుగలీబు ఎగిరినచో అపాయము కలదని ముందుగా నేర్పరచుకొన్న గుర్తు. ఆ దినమున గలీబు ఎగురుచునే యుండెను. మడుగుచుట్టును ఏనుగుల మంద క్రమ్ముకొని యుండెను. అయినను రాజకుమార్తె వెనుదిరుగక, పొదలచాటున నడచి వచ్చి నిచ్చెన నెక్కెను.

ఆ రాత్రి ఆమెకు తోడుగా నుండిన ముదుసలి మన దేశమునకు సుపరిచితుడు. కుమావూను కొండలలో మనుష్యభక్షకములైన పులులను చంపి ప్రజలను కాపాడిన జిమ్ కార్బెట్ ఆయనయే. నైనితాలులో జన్మించిన కార్బెట్ 1947లో సోదరితో కలసి న్యేరికి వలసపోయి, బేడెన్ పవెల్ నివసించిన ఆ యింటనే కాపురముండెను. డెబ్బదియారేండ్ల ఆ వృద్ధుడు నిచ్చెన తలమెట్టుపై తుపాకితో కూర్చుండి తెల్లవారువరకు కావలి కాచెను. ఆ రాత్రియే దూరమున ఇంగ్లండులో ఆరవ జార్జి చక్రవర్తి నిద్రలో కన్నుమూసెను. మరునాడు చెట్టు దిగిపోయిన రాజకుమార్తెకు తాను రాణియైన సంగతి మధ్యాహ్నమునగాని తెలియలేదు. రాజకుమార్తెగా చెట్టెక్కి రాణిగా దిగినదని కార్బెట్ విడిది పుస్తకమున వ్రాసెను.

ఈ కథను ఎల్లరు చెప్పుదురు. దీని తరువాతి కథను అంతగా చెప్పరు. కెన్యా యప్పుడు బ్రిటిషువారి పాలనలో నుండెను. మిట్టప్రదేశములలోని మంచి భూములు ఐరోపీయులకే ప్రత్యేకింపబడెను. తాతలనాటి నేలలోనే ఎందరో కికుయులు కూలివాండ్రైరి. ఆఫ్రికా పురుషుడు తన గుర్తుచీటిని రేకుపెట్టెలో నుంచి మెడకు వ్రేలాడదీసికొని తిరుగవలసివచ్చెను. చెట్టుపై రాజకుమార్తె విడిసిన సంవత్సరముననే, అక్టోబరు మాసమున, ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. మౌ మౌ యని పేర్కొనబడిన తిరుగుబాటుదారులు అబెర్డేర్ అడవులను చొచ్చి, భూమికై, స్వేచ్ఛకై పోరాడిరి. ఆ పోరాటమున ఇరువైపుల క్రూరకృత్యములు జరిగెను. వేయిమందికి పైగా ఆఫ్రికనులు ఉరితీయబడిరి. బ్రిటిషు సైనికులు ట్రీటాప్సును కాపలాచోటుగా వాడుకొనిరి. 1954 మే 27వ తేదీన తిరుగుబాటుదారులు దానికి నిప్పు పెట్టిరి. విడిదియు, దానిని మోసిన పూజ్యవృక్షమును కాలిపోయినవి.

ఆ చర్యను దుండగమని నిందించినవారు కలరు. కాని అతిథికి విహారస్థలమైన ఆ యడవియే కికుయునకు తాతల సొత్తును, తలదాచుకొను గూడును అని తలచినచో తీర్పు చెప్పుట అంత తేలిక కాదు.

అడవిలోని తిరుగుబాటుదారుల నాయకుడు డెడాన్ కిమాతి 1956 అక్టోబరులో పట్టుబడెను; 1957 ఫిబ్రవరి 18వ తేదీన ఉరితీయబడెను. ఆ సంవత్సరముననే మడుగున కావలిగట్టున స్తంభములపై క్రొత్త ట్రీటాప్స్ లేచెను. కార్బెట్ అది చూడలేదు. ఆయన 1955లోనే మరణించి న్యేరిలో సమాధిచేయబడెను. మన దేశమున రామ్‌గంగా వన్యమృగోద్యానమునకు ఆయన పేరు పెట్టినదియు 1957లోనే. కెన్యా 1963 డిసెంబరు 12వ తేదీన స్వతంత్రమయ్యెను. 2007లో నైరోబి నగరమున కిమాతి విగ్రహము ప్రతిష్ఠింపబడెను.

క్రొత్త విడిదిలో గదులు క్రమముగా యేబది వరకు పెరిగెను. దేశదేశముల ధనికులు వచ్చిరి. కాని ఒక చిక్కు పుట్టెను. అతిథులకు ఏనుగులు కనబడవలెను. ఏనుగులు రావలెనన్న ఉప్పు వేయవలెను. ఉప్పునకై వచ్చిన యేనుగు ఊరకుండునా? పెద్దయేనుగు దినమునకు నూటయేబది కిలోల వరకు మేత మేయును. చెట్లను విరుచును, పట్టను ఒలుచును. విడిదిచుట్టు దట్టముగా నుండిన అడవి పలచనై, బయలు పెరిగెను. ఎలిజబెత్తు రాణి 1983లో మరల ఆ చోటికి వచ్చినపుడు తాను మున్ను చూచిన చెట్టు లేదు, ఆ అడవియు లేదు.

ఖడ్గమృగముల గతి మరింత శోచనీయమయ్యెను. 1970 ప్రాంతమున కెన్యాలో ఇరువదివేల వరకు నుండిన నల్లఖడ్గమృగములు, కొమ్ములకై దొంగవేటగాండ్రు చంపుటచే, ఇరువదియేండ్లు తిరుగకమునుపే నాలుగువందలకు లోపు మిగిలెను. మూడుమ్రోతల గంట మ్రోగుట అరుదయ్యెను. వానిని కాపాడుటకై 1989లో అబెర్డేర్ అడవిచుట్టు విద్యుత్తుకంచె నాటుట కారంభించిరి. దాదాపు నాలుగువందల కిలోమీటర్ల కంచె 2009లో పూర్తియయ్యెను.

కంచెకు వెలుపల కికుయు రైతుల మొక్కజొన్న, బంగాళాదుంప చేలు, తేయాకుతోటలు అడవి అంచువరకు వ్యాపించియున్నవి. కంచె లేని కాలమున ఏనుగుల మంద యొక్కరాత్రి దిగినచో సంవత్సరపు పంట నేలపాలయ్యెడిది. రైతుకుటుంబములు రేకుడబ్బాలు మ్రోగించుచు, నెగళ్లు వేసికొని మేల్కొనవలసి యుండెను. కంచె వచ్చినతరువాత వారు రాత్రులు నిద్రింప నేర్చిరి. అయినను ఏనుగు తెలివిగల జంతువు. తీగను తాకక, చెట్టును దానిపై కూల్చి దారి చేసికొనును. అందుచే కంచెకావలివాండ్రు దాని వెంబడి నడచుచు, తెగినచోట తీగను మరల బిగించుచుందురు.