ఫిల్టర్ మార్చడం మీ హక్కు, డబ్బా కోయడం మీ పూచీ

ప్రశ్న: మాది చెన్నైలోని వేళచ్చేరి. పెట్రోల్ కారు కొని రెండేళ్లయింది, వారంటీ ఇంకా ఉంది. మైలేజీ, పికప్ రెండూ పెరుగుతాయని ఆన్‌లైన్‌లో ఒక కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ చూశాం. మా అబ్బాయి ఇంట్లోనే బిగించేస్తానంటున్నాడు. అమ్మేవాళ్లు 'పూర్తిగా లీగల్' అంటున్నారు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే 'చెయ్యి పెడితే వారంటీ మొత్తం పోతుంది' అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా పూర్తిగా నమ్మకండి. ఇద్దరూ చెప్పింది సగం సగమే.

ముందు బండి సంగతి చూద్దాం. గాలి పోయే దారి సులువైతే ఇంజిన్‌కి బలం వస్తుందన్నది ఈ కిట్ల వెనకున్న ఆలోచన. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి నడిపే రేసు బండిలో దానికి అర్థం ఉంది. ఓఎంఆర్ ట్రాఫిక్‌లో మనం పెడల్‌ని సగం కూడా తొక్కం. అక్కడ గాలికి అడ్డు పడేది ఫిల్టర్ కాదు, సగానికి పైగా మూసి ఉన్న థ్రాటిల్. పైగా ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎక్కువ వస్తే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఆ లెక్క ప్రకారం పెట్రోల్ కూడా ఎక్కువే పంపిస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో పరీక్షించి చూస్తే, ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా మైలేజీ తగ్గలేదు, పికప్పే తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టర్‌తోనే తగ్గని మైలేజీ, మంచి ఫిల్టర్‌ని పీకి ఇంకోటి పెడితే ఎలా పెరుగుతుంది? బోనెట్ కింద తెరిచి ఉంచే కోన్ ఫిల్టర్ అయితే మే నెల ఎండలో ఇంజిన్ వేడి గాలినే పీలుస్తుంది. వేడి గాలి పలచన, బలం పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో సరిపోలకుండా పోయేలా యజమాని బండిని మార్చకూడదు. 'మార్పు' అంటే బండి నిర్మాణంలో చేసేదీ, దాని మౌలిక లక్షణాన్ని మార్చేదీ అని ఆ సెక్షనే వివరణ ఇచ్చింది. కేరళకు చెందిన జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది.

దీన్ని మీ కారుకి అన్వయిద్దాం. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బాలోనే, అదే కొలతతో అమరే ఫిల్టర్‌ని, అది వేరే బ్రాండ్‌దైనా సరే, మార్చుకున్నారనుకోండి. ఆర్‌సీలో ఒక్క అక్షరం మారదు. అది మామూలు మెయింటెనెన్స్. మీ అబ్బాయి క్లిప్పులు తీసి నిశ్చింతగా మార్చవచ్చు. ఫిల్టర్ డబ్బా పీకేసి పైపు దారి మళ్లించడం, ఫెండర్‌కి రంధ్రం చేసి స్నార్కెల్ పెట్టడం, దానికి తగ్గట్టు ఈసీయూని రీమ్యాప్ చేయించడం వేరే సంగతి. 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న బీఎస్-6 ప్రమాణాలకు మీ బండి మోడల్ ఆమోదం పొందింది ఆ డబ్బాతో, ఆ పైపుతో, ఆ సాఫ్ట్‌వేర్‌తోనే. ఆ డబ్బా దుమ్మునే కాదు, ఇంజిన్ గాలి పీల్చే రొదనూ అణచిపెడుతుంది.

శిక్షలు తెలుసుకోండి. అనుమతి లేని మార్పుకి 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పొగ, శబ్దం ప్రమాణాలు మీరితే 190(2) కింద మొదటిసారి 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దానికి తోడు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. బిగించింది మీ అబ్బాయా, జీపీ రోడ్డు షాపువాడా అని 182ఏ చూడదు. అది యజమానిని అడుగుతుంది. ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద చెల్లేది మౌంట్ రోడ్డు మీద చెల్లదు.

ఇప్పుడు సర్వీస్ సెంటర్ మాట. ఇది మీకు అనుకూలమైన భాగం. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఒక మంచి సూత్రం ఉంది. బయటి గ్యారేజీకి వెళ్లారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, బయట చేసిన తప్పుడు పని వల్ల జరిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చు. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు కోర్టుల దాకా వెళ్లాయి. అయినా వినియోగదారుడి వాదనకు ఆ సూత్రం బలమైన ఆసరా. మీరు ఫిల్టర్ మారిస్తే పవర్ విండో మోటారుకి వారంటీ ఎందుకు పోతుంది? కానీ నూనె పూసిన ఫిల్టర్ నుంచి నూనె వెళ్లి గాలిని కొలిచే సెన్సర్ మీద పేరుకుని అది పాడైతే, ఆ సెన్సర్ ఖర్చు మీదే. 'వారంటీ లేదు' అని ఎవరైనా అంటే నోటి మాటతో వచ్చేయకండి. ఏ భాగం, ఏ కారణం, వారంటీ పుస్తకంలో ఏ షరతు అన్నది జాబ్ కార్డు మీద రాయించుకోండి. రాయమనగానే చాలాచోట్ల మాట మారుతుంది.

వేళచ్చేరి వాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్లు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను దాటాక మా వీధిలో ఒకాయన కారు చూడమని నన్ను పిలిచారు. మెకానిక్ ఫిల్టర్ డబ్బా మూత తీశాడు. కాగితం ఫిల్టర్ నాని ముద్దయింది, అడుగున రెండు వేళ్ల మందాన బురద నీళ్లు. స్పార్క్ ప్లగ్గులు విప్పి ఇంజిన్ తిప్పితే ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మాయి. గాలిని నొక్కవచ్చు కానీ నీటిని నొక్కలేం. పిస్టన్ పైకొచ్చే దారిలో నీళ్లు అడ్డుపడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ కారుకి అదనపు కిట్ ఏదీ లేదు. నీళ్లలో ఆగిపోయాక ఆయన మూడుసార్లు సెల్ఫ్ కొట్టారు, అంతే. కంపెనీ గాలి మూతిని ఎత్తులో పెట్టిన కారుకే ఈ గతి పడితే, చల్లగాలి కోసమని ఫిల్టర్‌ని బంపర్ వెనక్కి దించే కిట్ ఉన్న కారు సంగతి ఆలోచించండి.

మామూలు సమగ్ర పాలసీలు ఇలాంటి ఇంజిన్ నష్టాన్ని పర్యవసాన నష్టమని పక్కన పెడతాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ విడిగా తీసుకోవాలి. అది ఉన్నా, చెప్పకుండా మార్పు చేశారన్న సాకు కిట్ రూపంలో మీరే బీమా కంపెనీ చేతికిచ్చినవారవుతారు. అందుకే ఏ మార్పు చేసినా ముందే లిఖితంగా బీమా కంపెనీకి తెలపండి. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం లిఖితంగా అడగండి, సర్వేయర్ నివేదిక నకలు అడగండి. మినహాయింపు వర్తిస్తుందని నిరూపించే భారం కంపెనీదే. ముందుగా కంపెనీకి ఫిర్యాదు రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా చెన్నైలోనే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇప్పటికే కిట్ కొని మోసపోయినవాళ్లకి ఒక మాట. 'ఇంత శాతం మైలేజీ గ్యారంటీ' అని ఆధారం లేకుండా అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటన. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, పెట్టె, బిగించే ముందూ తర్వాతా తీసిన ఫొటోలు దాచుకోండి. సొంతంగా బిగించినప్పుడు 'మీరు సరిగ్గా బిగించలేదు' అన్నదే అమ్మకందారు మొదటి వాదన అవుతుంది. దానికి ఆ ఫొటోలే జవాబు. ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని తెలపాలి, నెలలో పరిష్కరించాలి. కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

మీ ప్రశ్నకి నా సలహా ఇది. కిట్ కొనకండి. మీ అబ్బాయి ఉత్సాహాన్ని మాత్రం ఆపకండి. వారంటీ పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకి ఫిల్టర్ మార్చమన్నారో చూసి, అదే కొలత ఫిల్టర్ తెప్పించి అతని చేతే మార్పించండి. డబ్బా అడుగున ఆకులు, మట్టి తుడిపించి, మూత క్లిప్పులు అన్నీ పడ్డాయో లేదో చూసుకోమనండి. కిట్‌కి పెట్టాలనుకున్న డబ్బుతో అక్టోబరులో వానలు మొదలయ్యేలోపు ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోండి. నీళ్లలో బండి ఆగితే మాత్రం తాళం తిప్పవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.