జనవరి 30: ఒకే తేదీ, మూడు సంఘటనలు



అమ్మానాన్నలకు ఏ ఊరు బదిలీ అయినా, మనం ఏ బడిలో చేరినా, జనవరి 30న ఉదయం 11 గంటలకు లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. 1948లో ఆ రోజు సాయంత్రం ఢిల్లీలోని బిర్లా భవన్‌లో, ప్రార్థనకు నడిచి వెళుతున్న గాంధీజీని నాథూరాం గాడ్సే కాల్చి చంపాడు. అందుకే అది అమరవీరుల సంస్మరణ దినమైంది.

అండమాన్‌లో చదువుతున్న మనం ఆ తేదీన తలచుకోవలసినవారు మరికొందరు ఉన్నారు.

1942 మార్చిలో జపాన్ సైన్యం ఈ దీవులను ఆక్రమించింది. 1943 డిసెంబర్ 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో (నేటి శ్రీ విజయపురం) త్రివర్ణ పతాకం ఎగురవేశారు. జెండా మనదే అయినా పెత్తనం మాత్రం జపాన్ సైన్యానిదే. గూఢచారులన్న అనుమానంతో ఎందరినో సెల్యులార్ జైలులో పెట్టి హింసించారు. వైద్యుడు, పంజాబీ కవి అయిన దివాన్ సింగ్ ఆ హింసకే 1944 జనవరి 14న బలయ్యారు. జెండా ఎగిరిన సరిగ్గా నెలకు, 1944 జనవరి 30న, దక్షిణ అండమాన్‌లోని హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. వారిలో చాలామంది ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు. అంటే దేశానికి స్వాతంత్ర్యం కోరినవారే! వారి స్మారకం నేటికీ అక్కడ ఉంది.

ఇంకొంచెం వెనక్కి వెళదాం. 1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. తరువాత రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ జర్మనీ పక్షాన నిలిచింది.

మరి ఈ తేదీ చెడ్డదా? కాదు. తేదీలు కలవడం కాకతాళీయం. గాంధీజీ హత్యకు, హంఫ్రీగంజ్ కాల్పులకు కారణాలు వేరు. ఒకే తేదీన జరిగాయి కాబట్టి సంబంధం ఉందనుకోకూడదు. ఏది ఎందుకు జరిగిందో విడివిడిగా తెలుసుకోవాలి. అయితే తేదీ ఒక మేలు చేస్తుంది: గుర్తు చేస్తుంది. గాంధీజీని దేశమంతా తలచుకుంటుంది. ఆ 44 మంది సంగతి ఈ దీవులు దాటితే తెలిసినవారు తక్కువ. రేపు మీరు ఏ రాష్ట్రానికి వెళ్లినా, ఆ రెండు నిమిషాల్లో వారినీ తలచుకోండి. పక్కన నిలబడ్డ స్నేహితులకు తరువాత చెప్పండి.

ఆలోచించి రాయండి:

1. డిసెంబర్ 30, 1943కు, జనవరి 30, 1944కు మధ్య ఈ దీవుల్లో ఏం జరిగింది?
2. మీరు ఇంతకుముందు చదివిన ఊరిలో ప్రత్యేకంగా జరుపుకునే ఒక తేదీ, దాని కారణం ఐదు వాక్యాల్లో రాయండి.