దశబంధము: అనంతపురపు చెఱువుల కట్టుబాటు

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపుర సీమలో పంట భాగ్యము మేఘములతోపాటు, చెఱువును కాపాడు కట్టుబాటు మీదను ఆధారపడి యుండెను. చెఱువు త్రవ్వించి మరమ్మతు చేయించువానికి భూమినో, శిస్తులో భాగమునో ఇనాముగా నొసగు ఏర్పాటునకు దశబంధమని పేరు. కట్టకు గండి పడినచో తన ఆదాయమునకే ముప్పు గనుక, దశబంధదారుడు తొలకరికి ముందే కట్టపై మట్టి పోయించి, తూము సరిచూచుకొనవలసి యుండెను.

1800లో నిజాము ఈ సీమ చేరియున్న దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగింపగా, ప్రధాన కలెక్టరు థామస్ మన్రో (1800-1807) ఇచట రైతువారీ పద్ధతిని ప్రవేశపెట్టెను. రైతునకు పట్టా దక్కెను; ఉమ్మడి సొత్తైన చెఱువుపై గ్రామపు పట్టు మాత్రము క్రమముగా సడలెను. ఈ నష్టమే నా దృష్టిలో మిక్కిలి గొప్పది. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము సాగునీటి నిర్వహణను తిరిగి రైతు సంఘములకు అప్పగించెను.