కాంటా గదిలో కూర్చుని రాసే సాఫ్ట్‌వేర్

రుద్రారం గీతం యూనివర్సిటీలో చదువు ముగించుకుని నలుగురైదుగురున్న చిన్న కంపెనీల్లో చేరుతున్న పిల్లలారా, ఈ మాటలు మీకోసం. పటాన్‌చెరు, పాశమైలారం, రుద్రారం ఫ్యాక్టరీలకు బిల్లింగు, స్టోర్సు, గేట్‌పాస్ ప్రోగ్రాములు రాస్తూనే నా తల నెరిసింది.

1. మార్పు అడిగిన మనిషి మీద విసుక్కోకండి.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. పన్ను నంబరు ముందు 28 పోయి 36 వచ్చింది, కొత్త బండ్ల మీద ఏపీ బదులు టీఎస్ వచ్చింది. 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా అయింది, బిల్లు మీద మెదక్ అన్న మాట మారింది. 2017 జూలై 1న జీఎస్టీ. 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ. వీటిలో ఒక్కటీ ఫ్యాక్టరీ యజమాని కోరి తెచ్చుకున్నది కాదు. అలాంటాయన ముందు ఏమేం కావాలో రాసిన వంద పేజీల పత్రం పెట్టి, సంతకం చేశాక ఇక మార్చం అనడం అన్యాయం. మారుతుందన్న లెక్కతోనే పని మొదలుపెట్టాలి.

2. ప్రభుత్వం చెప్పే అంకెను ప్రోగ్రాం లోపల రాసేయకండి.

ఈ-వే బిల్లు గడువు మొదట వంద కిలోమీటర్లకు ఒక రోజు. 2021 జనవరి 1 నుంచి రెండు వందలకు ఒక రోజు. ఆ అంకె ఒక పట్టికలో, ఏ తేదీ నుంచి చెల్లుతుందో ఆ తేదీతో సహా ఉంటే, మార్చడం ఐదు నిమిషాల పని. తేదీ చాలా ముఖ్యం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. అంతకుముందు అమ్మిన సరుకు తర్వాత వాపసు వస్తే, క్రెడిట్ నోటు పాత రేటుతోనే పడాలి. పాత రేటును చెరిపేసిన ప్రోగ్రాంలో అకౌంటెంటు ఆ నోటును చేత్తో రాసుకోవాల్సిందే.

అలాగని రేపెప్పుడో అవసరమవుతుందని ఇవాళే పది స్క్రీన్లు కట్టకండి. మారుతుందని తెలిసినదానికి చోటు ఉంచండి, ఊహించినదాన్ని వదిలేయండి. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆ ఫ్యాక్టరీ పని చూస్తేనే తెలుస్తుంది.

3. కాంటా గదిలో కూర్చోండి.

అమెరికాలో క్రైస్లర్ కంపెనీ జీతాల ప్రోగ్రాం రాసేటప్పుడు కెంట్ బెక్ బృందం తీర్చిదిద్దుకున్న పద్ధతే ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్. ఆయన 1999లో దాన్ని పుస్తకంగా రాశారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, ప్రోగ్రాంను వాడే మనిషి ప్రోగ్రామర్ల పక్కనే ఉండాలన్న నియమం. మన దగ్గర షిఫ్టు వదిలి ఎవరూ మన ఆఫీసుకు రాలేరు, కాబట్టి మనమే వెళ్లాలి. ఫ్యాక్టరీ ఆఫీసులో మేనేజరు గారు లారీ వస్తుంది, తూకం వేస్తాం, స్లిప్పు ఇస్తాం అని మూడు ముక్కల్లో చెప్తారు. కాంటా మీదున్న అన్న మాత్రం, "సార్, ఒక్కోసారి రెండు పార్టీల మాలు ఒక్క లారీలనే వస్తది. ఒకటి దించినంక మళ్ల తూకం ఎయ్యాలె. మీ కంప్యూటర్ల ఒక్క పేరే పడ్తాంది, ఎట్ల మరి?" అంటాడు. ఈ ఒక్క మాటతో డేటాబేస్ రూపమే మారిపోతుంది. నెల తర్వాత తెలిస్తే ఎంత తిరగరాయాలో ఆలోచించండి. ఆ అన్నకు చాయ్ తాగే తీరిక దొరికేదాకా ఓపిగ్గా కూర్చోండి.

4. రెండు వారాలకోసారి పనికొచ్చే ముక్క ఒకటి చేతికివ్వండి.

అయితే ఎప్పుడు ఇవ్వాలో కూడా చూసుకోండి. నెలాఖరులో డిస్పాచ్ ఒత్తిడి ఉంటుంది. తర్వాత 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బీ రిటర్నులు వేయాలి. ఆ 20 దాటాక, ఉదయం షిఫ్టులో కొత్తది పెట్టి, సాయంత్రం దాకా అక్కడే ఉండండి. రాత్రి షిఫ్టులో పెట్టి ఇంటికి పోవద్దు.

5. టెస్టులు రాయండి.

నలుగురిలో ఒకరు ఎక్కువ జీతానికి గచ్చిబౌలి పోతారు, అది సహజం. ఆ మనిషి తలలో ఉన్నది టెస్టుల రూపంలో మిగలాలి.

6. నలుగురూ ఒకే గదిలో ఉంటే రోజూ నిలబడి మీటింగు పెట్టక్కర్లేదు. గోడ మీద చీటీలు చాలు.

7. మందుల ఫ్యాక్టరీలో కాగితం వద్దనకండి.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో పదిహేడు మంది కూర్చుని, ఇలా చిన్న ముక్కలుగా, మార్పుకు సిద్ధంగా పనిచేసే తీరుకు ఎజైల్ ప్రకటన రాశారు. నడిచే సాఫ్ట్‌వేర్‌కు పత్రాలకన్నా ఎక్కువ విలువ ఇచ్చారే తప్ప, పత్రాలకు విలువ లేదనలేదు. మన బెల్టులో అమెరికాకు బల్క్ డ్రగ్స్ పంపే కంపెనీలున్నాయి. బ్యాచ్ రికార్డు కంప్యూటర్లో ఉంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన పార్ట్ 11 నిబంధనలు వర్తిస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఏ అంకె మార్చారో చెరగకుండా ఉండాలి, ప్రోగ్రాం సరిగా పనిచేస్తుందని పరీక్షించిన రుజువు ఉండాలి. అక్కడా చిన్న ముక్కలుగానే చేయండి. ప్రతి ముక్కతో పాటు దాని పరీక్ష కాగితం కూడా క్వాలిటీ వాళ్ల సంతకంతో ఫైల్లో చేరాలి. చివర్లో ఒకేసారి రాద్దామంటే ఎవరికీ సరిగా గుర్తుండదు, పైగా ఆ ఫైలు మందు తయారీకి సంబంధించినది.

8. డబ్బు మాట ముందే తేల్చుకోండి.

"మొత్తం ఎంత అయితది?" అని యజమాని అడగడం న్యాయమే. మొదటి ముక్కకు, అంటే గేట్‌పాసుకో స్టోర్సుకో, ఖాయంగా ఒక ధర చెప్పండి. అది నడిచాక మిగతా పనికి నెలవారీ ఒప్పందం చేసుకోండి. ఈ నెల ఏ పని ముందో ఆయనే ఎంచుకోవచ్చని, నచ్చకపోతే ఏ నెలైనా ఆపేయవచ్చని, అప్పటిదాకా చేసిన ప్రోగ్రాం, డేటా ఆయనవేనని కాగితం మీద తెలుగులో రాసివ్వండి.